మేనేజరు గారి కుక్కకి ఏ భాష వచ్చు

పశువుల ఆసుపత్రిలో కొత్తగా కాంపౌండరు ఉద్యోగం దొరికిన తమ్ముళ్లు అప్పుడప్పుడు గుణుపురంలో మా ఇంటికి వస్తుంటారు. అనుభవం చెప్పమంటారు. నేను ఆ ఉద్యోగం మానేసి మా నాన్న పొలం చూసుకుంటున్నవాణ్ని. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా నన్ను రిటైరైన పెద్దమనిషి కింద జమకట్టి, చాప మీద మఠం వేసుక్కూర్చుని, "మీ సర్వీసులో గొప్ప కేసు ఏదైనా సెప్పండి అన్నా" అంటారు. చిరుతపులి కడుపు కోసి కుట్టిన కథ ఏదో వస్తుందని వాళ్ల ఆశ. నా సర్వీసులో చిరుత రాలేదు. ఒక కుక్క వచ్చింది. దాని గురించే చెబుతాను, ఇష్టం లేనివాళ్లు మజ్జిగ తాగి వెళ్లవచ్చు.

రాయగడలో మా ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా, ఎద్దుల్ని నిలబెట్టి కట్టడానికి కర్రలతో చేసిన చట్రం. వచ్చేవి ఎద్దులు, గేదెలు, మేకలు. మా డాక్టరు గారు కటకం వైపు ఒడియా ఆయన. తెలుగు కష్టపడి నేర్చుకున్నారు. ప్రతి మాటా పరీక్ష రాస్తున్నట్టు, ఎక్కడా తప్పు పోకుండా మాట్లాడేవారు. చేతులు వెనక్కి కట్టుకుని నడవడం ఆయన అలవాటు. కుక్కల వైద్యం సంగతి అడిగితే దాపరికం లేకుండా చెప్పేశారు.

"కుక్కల పాఠం మా పుస్తకంలో చివర ఉంది. పరీక్షలు ముందే వచ్చేశాయి."

ఒక పొద్దున ఎద్దుబండి మీద ఒక పాలేరు దిగాడు. బంధుగాం వైపు మనిషి, యాభై ఉంటాయి. చేతిలో గొలుసు. గొలుసు చివర ఒక తెల్లటి జంతువు.

"డాక్టరు బాబున్నాడేటండి?"

"ఉన్నారు. ఏటిది, పందిపిల్లా?" అన్నాను.

"అందరూ అలాగే అంతారండి. కుక్కండి. ఇంగిలీసు కుక్క."

అతని మాట మీద గౌరవంతో కుక్కే అని రాసుకున్నాను. తల కోడిగుడ్డులా ఉంది. నుదుటి నుంచి ముక్కు దాకా ఎక్కడా మెట్టు లేదు, జారుడుబల్లే. కళ్లు రెండు చిన్న త్రికోణాలు. ఛాతీ మాత్రం తాలింఖానా వస్తాదుది. మొహం చూస్తే లోపల ఏదో వెటకారం పెట్టుకుని మర్యాద కోసం ఆపుకుంటున్నట్టుంటుంది. ఆ మొహం చూడగానే నాకు కొంచెం చుట్టరికం అనిపించింది.

ఈ జాతిని బుల్ టెర్రియర్ అంటారు. పాలేరుకి అంత పేరు నోరు తిరగక బుల్లోడు అన్నాడు. ఆ పేరే స్థిరపడింది.

యజమాని మాజీ ఎస్టేటు మేనేజరు గారు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి మూడు తరాలు సంస్థానపు కచేరీల్లో పనిచేసిన కుటుంబం. ఎస్టేటు రద్దయింది గానీ, మేనేజరు అనే పిలుపుని ఊళ్లో ఎవరూ రద్దు చెయ్యలేదు. రైలు వంతెనల పని చూసిన ఒక తెల్ల ఇంజనీరు దేశం విడిచి వెళ్లిపోతూ ఆయనకి ఈ కుక్కని ఇచ్చాడు. బండి కదులుతుండగా గొలుసు చేతిలో పెట్టి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఏదో ముఖ్యమైన సంగతి అరిచి చెప్పాడట. ఇంజను కూతలో అది వినపడలేదు. కుక్క పేరు చెప్పాడని మేనేజరు గారు, సబ్బు పేరు చెప్పాడని వాళ్లావిడ. మొత్తానికి కుక్క మిగిలింది, సంగతి రైల్లో పోయింది.

పాలేరు తెచ్చిన ఫిర్యాదులు రెండు. ఒకటి చర్మం: పొట్ట కింద ఎర్రగా పొక్కులు, రాత్రీ పగలూ గోకుడు. రెండోది, పిలిస్తే రాదు.

"పిలిస్తే రాదంటే?" అన్నారు డాక్టరు గారు.

"బాబు గారు పిలుత్తారండి. అది గోడకేసి సూత్తాది. మళ్లీ పిలుత్తారండి. గోడనే సూత్తాది. బాబు గారికి సిన్నతనంగా ఉంది."

చర్మానికి గంధకం కలిపిన కానుగ నూనె ఇచ్చాం. రెండోదానికి సీసాలో మందు లేదు కాబట్టి డాక్టరు గారు ఆలోచించారు.

ఈ జిల్లా సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ మనిషికి ఒక్క భాషతో రోజు గడవదు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో దేశియా, రైల్లో హిందీ, కాగితం మీద ఇంగ్లీషు. ఎదుటివాడు మన మాటకి ఉలకలేదు, పలకలేదు అంటే ఇంకెక్కడైనా అయితే వాడికి పొగరనుకుంటారు. మేం అలా అనుకోం. భాష మార్చి చూస్తాం. అందుకని బుల్లోడి విషయంలో మా అందరికీ ఒకేసారి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఒకే ఆలోచన వచ్చింది. పాపం, దానికి మన భాష రాదు.

డాక్టరు గారు ఒడియాలో "బసొ" అన్నారు. నేను తెలుగులో కూర్చోమన్నాను. పాలేరు సంత భాషలో బతిమాలాడు. మందుకి వచ్చిన ఒక గొర్రెల కాపరి కూడా తన వంతు చెప్పిచూశాడు. బుల్లోడు మా వెనకనున్న గోడని శ్రద్ధగా చూశాడు.

"ఇంగ్లీషు కుక్క. దొర పెంచిన కుక్క. ఇంగ్లీషే మాట్లాడాలి" అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఎంత హేతుబద్ధంగా ఉందంటే, దాన్ని పరీక్షించాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

రాయగడ స్టేషనులో వాల్తేరు నుంచి వచ్చే బండి గార్డు ఒకాయన ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్. ఊళ్లో పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే. మేనేజరు గారు కాఫీకి పిలిచారు. నన్నూ డాక్టరు గారినీ సాక్ష్యానికి పిలిచారు. ఆయనది పాతకాలపు బంగళా, ముందు టేకు పలకల వరండా. ఆ పలకల మీద బుల్లోడు తన తోక పట్టుకోవడానికి గిరగిరా తిరుగుతున్నాడు. ఈ జాతికి ఆ పిచ్చి ఉంది. పని లేకపోతే తోకనే పనిగా పెట్టుకుంటాయి. ఆఫీసుల్లో నేను చూసినవాళ్లతో పోలిస్తే అది పెద్ద లోపం కాదు.

గార్డు వచ్చి దాని ఎదురుగా నిలబడ్డాడు. ఎర్రజెండా చూపించినట్టు కుడి అరచెయ్యి ముందుకు చాచాడు.

"సిట్!"

బుల్లోడు కూర్చున్నాడు.

మేనేజరు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాఫీ పొగ వల్ల కూడా కావచ్చు. "చూశావటయ్యా కాంపౌండరూ! ఇన్నాళ్లూ మనదే తప్పు. వాడికి మర్యాదగా చెప్పినవాడు లేకపోయాడు" అన్నారు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కుక్క కోసం ఇంగ్లీషు చదువు మొదలయింది. గార్డు తన బండి ఆగినప్పుడల్లా వచ్చి పాఠం చెప్పేవాడు. సిట్, కమ్, స్టే, నో. ఆయనకి జెండా ఊపి ఊపి చేతులు కదపందే నోరు పెగిలేది కాదు. పాలేరు గురుభక్తి కలవాడు. మాటతోపాటు చెయ్యి చాచడం, మాటకి ముందు గొంతు సవరించుకోవడం, ఆఖరికి టోపీ సర్దుకోవడం కూడా నేర్చుకున్నాడు. అతనికి టోపీ లేదు, తలపాగా సర్దుకునేవాడు. అతను "సిట్టు" అంటే బుల్లోడు ఠక్కున కూర్చునేవాడు. "కమ్ము" అంటే వచ్చేవాడు.

డాక్టరు గారు ఒకరోజు స్వయంగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంగ్లీషు మేష్టారు మెచ్చుకునేంత చక్కగా "సిట్ డౌన్" అన్నారు. బుల్లోడు ఆయన్ని ఆపాదమస్తకం చూసి, పక్కకు తిరిగి తోక వెతుక్కున్నాడు. మళ్లీ చెప్పారు. ఈసారి దయచేసి అని కూడా చేర్చారు. లాభం లేదు.

పాలేరు నా చెవి దగ్గరకి వంగి, "డాక్టరు బాబుది కటకం ఇంగిలీసండి. ఈడిది దొరల ఇంగిలీసు" అన్నాడు. ఊరంతా వినేంత మెల్లగా అన్నాడు. డాక్టరు గారు ఆ రోజు తిరుగుదారిలో నాతో ఏ భాషలోనూ మాట్లాడలేదు.

ఇంట్లో ఇంగ్లీషు నేర్చుకోనిది అమ్మగారొక్కరే, అంటే మేనేజరు గారి భార్య. ఆవిడ పళ్లెం ఎత్తి చూపించేది, బుల్లోడు తోటలో ఎంత దూరాన ఉన్నా కనపడగానే బాణంలా వచ్చేవాడు. "అది మోసమే" అనేవారు మేనేజరు గారు. "తిండి చూపిస్తే ఎవడైనా వస్తాడు."

"మీరూ అలాగే వస్తారుగా" అనేది ఆవిడ.

నేను వారానికోసారి నూనె సీసాతో వెళ్లేవాణ్ని. తమ్ముళ్లూ, మీకు పనికొచ్చే భాగం ఇదొక్కటే కాబట్టి వినండి. తెల్లటి టెర్రియరు తోలు మన ఎండకి పుట్టినది కాదు. బొచ్చు పొట్టి, కింద చర్మం గులాబి రంగు. మధ్యాహ్నం బయట కడితే ముక్కూ చెవులూ కమిలిపోతాయి. పొద్దున్నే, మళ్లీ ఎండ తగ్గాకా బాగా నడిపించాలి. నడిపించకపోతే ఆ బలం ఎక్కడికో అక్కడికి పోతుంది. ఆ ఇంట్లో అది పట్టెమంచం కోళ్లలోకి, మేనేజరు గారి వాలుకుర్చీ చేతిలోకి పోయింది. దవడకి పని కావాలి. పాత లారీ టైరు ముక్క ఒకటి ఇచ్చాం, దాన్ని పసిపిల్ల బొమ్మని దాచుకున్నట్టు దాచుకునేది. గుడ్డు కూడా ముట్టని ఇల్లు అది. డాక్టరు గారు గుడ్డు రాస్తే, పాలేరు పశువులశాల వెనక వేరే పొయ్యి పెట్టి ఉడకబెట్టేవాడు. అమ్మగారు అటు చూడకుండానే "ఉప్పు వెయ్యకు" అనేది.

స్వభావం అంటారా? మొండి. కొడితే ఇంకా మొండి. నవ్వితే మాత్రం కరిగిపోతుంది. మనిషిని ఆనుకుని కూర్చోవడం దానికి ప్రాణం. మన ఒళ్లో పట్టనంత బరువున్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. సూది వేస్తుంటే కిక్కురుమనదు. అలాంటి కుక్క కరిచిందంటే మీరు ముందు కుక్కని చూడకండి, ఎప్పుడు కరిచిందో అడగండి. మేం అడగలేదు.

మొదట చాకలిని కరిచింది. వరండాలో ఆరేసిన పంచె జారిపడితే దాని మీద నిద్రపోయింది, అతను పంచె లాగాడు. "ఒడియాలో అదిలించి ఉంటాడు" అన్నారు మేనేజరు గారు. తర్వాత ఒక వెదురు కాంట్రాక్టరు పడుకున్న కుక్కని దాటబోయి పిక్క అప్పగించాడు. అతను తెలుగువాడు. ఆ వివరణ కూడా సరిపోయింది. మధ్యలో ఒక దొంగ వచ్చి, బుల్లోడి తల పక్కనున్న ఇత్తడి చెంబు పట్టుకుపోయాడు, కుక్క నిద్ర లేవలేదు. "చిల్లర దొంగల్ని పట్టించుకునే జాతి కాదయ్యా అది" అన్నారు మేనేజరు గారు.

మూడోసారి తహసీల్దారు గారు. పేకాటకి వచ్చారు. ఒడియా ఆయనే గానీ ఇంగ్లీషు దంచి కొట్టేవారు. వరండాలో గోడవైపు తిరిగి పడుకున్న బుల్లోడి మీద ముచ్చటపడి, వెనక నుంచి వంగి, "గుడ్ బాయ్" అంటూ వీపు నిమిరారు. అది ఉలిక్కిపడి లేచి చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలింది గానీ, ఆ దవడకి వెంటనే అంటే కూడా చాలు.

భాష సిద్ధాంతం ఆ సాయంత్రమే కూలిపోయింది. అంత మంచి ఇంగ్లీషుని కూడా కరిచిందంటే ఇక మిగిలింది ఒక్కటే, క్రూర స్వభావం. తహసీల్దారు గారు కట్టు కట్టించుకుని కబురు పంపారు. కుక్కకి పిచ్చి ఉందో లేదో పది రోజులు ఆసుపత్రిలో కట్టి చూడాలి. లేకపోతే సరే, అప్పుడు డాక్టరు దాని స్వభావం పరీక్షించి కాగితం ఇవ్వాలి. క్రూరమైనదని తేలితే మేనేజరే కాల్చాలి, ఆయన కాల్చకపోతే పోలీసు వస్తాడు. మేనేజరు గారికి ఎస్టేటు కాలం నాటి తుపాకి ఉంది. "నా కుక్కని నేనే కాలుస్తాను" అన్నారు ఆయన. ఆ మాట ఎంత గంభీరంగా అన్నారంటే, కాల్చడం తప్పించుకునే దారి ఏదైనా ఉందేమో అని అడిగే ధైర్యం ఎవరికీ కలగలేదు. అమ్మగారు మాత్రం ఆ పూట వంట చెయ్యలేదు.

అలా బుల్లోడు మా వరండాకి వచ్చాడు. గోడ వారగా ఉన్న పొడుగాటి చెక్కబల్ల వాడి నివాసం. తిండి బాగా తినేవాడు, నీళ్లు తాగేవాడు, నన్ను ఆనుకుని కూర్చునేవాడు. మరో పక్క తహసీల్దారు గారు పెద్దాసుపత్రిలో రోజూ బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుని, పొట్ట పట్టుకుని మా ముందు నుంచే నడిచి వెళ్లేవారు. ఆగి కుక్కని చూసేవారు. "తింటోందా?" అనేవారు. "తింటోంది ఆజ్ఞా" అనేవాణ్ని, ఒడియా మర్యాదలో. ఆయన మొహంలో సంతోషం, బాధ రెండూ కనపడేవి. కుక్క బాగుంటే తనకి పిచ్చి రాదు. కుక్క బాగుంటే ఆ సూదులన్నీ అనవసరం.

పాలేరు రోజూ అమ్మగారి పెరుగన్నం తెచ్చేవాడు. ఒకరోజు గిన్నె పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.

"బాబూ, డాక్టరు బాబు ఏటి రాత్తాడండి?"

"నాకేటి తెలుసు?"

"ఈడు మంచోడండి. సెప్పినమాట ఇంటాడు. నా ఇంగిలీసులో సెప్పి సూపించమంతారేటి, ఆల ముందు?"

"నీ ఇంగ్లీషు వింటే కుక్కతోపాటు మనల్ని కూడా కాలుస్తారు" అన్నాను. అతను నవ్వలేదు. నా జోకు పేలకపోవడం అరుదు కాబట్టి గుర్తుంది.

గడువు అయిన రోజు పొద్దున తీర్పుకి అందరూ వచ్చారు. తహసీల్దారు గారికి కుర్చీ వేశాం. మేనేజరు గారు తుపాకి గుడ్డసంచీలో పెట్టి తెచ్చి, ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నారు. అమ్మగారు లోపలికి రాలేదు, బయట రిక్షాలోనే ఉండిపోయారు. డాక్టరు గారు కాగితం, కలం తీసుకుని బల్ల ఎదుట నిలబడ్డారు. బల్ల మీద బుల్లోడు మాకు వీపు తిప్పి గాఢంగా నిద్రపోతున్నాడు.

"పిచ్చి లేదు. అది రూఢి. ఇక స్వభావం" అన్నారు డాక్టరు గారు.

"స్వభావం నా చేతి మీద ఉంది. చూసి రాసుకోండి" అన్నారు తహసీల్దారు గారు.

సరిగ్గా అప్పుడు మా గేటు ముందు వెదురు లోడుతో పోతున్న లారీకి టైరు పేలింది. నేనలాంటి శబ్దం మళ్లీ వినలేదు. చట్రంలో ఎద్దు తాడు తెంపుకుంది. తహసీల్దారు గారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. పాలేరు "ఓలమ్మో, పేలిపోనాది!" అని మేనేజరు గారి మీద పడ్డాడు. మేనేజరు గారు తుపాకి తనదే పేలిందనుకుని సంచీ విసిరేశారు. నేనెక్కడున్నానో చెప్పడం కథకి అవసరం లేదు, మందుల అలమారా వెనక.

దుమ్ము తగ్గాక చూస్తే, నిలబడి ఉన్నది డాక్టరు గారొక్కరే. ఆయన ఎవర్నీ చూడటం లేదు. బల్ల మీద బుల్లోడు నిద్రలో ఒక కాలు చాపి, చిన్నగా గురక పెట్టాడు.

"ఎంత ధైర్యం! చూశారా జాతి?" అన్నారు మేనేజరు గారు, పాలేరు కింద నుంచి.

డాక్టరు గారు కాగితం, కలం పక్కన పెట్టారు. ఎనామిల్ పళ్లెం తీసుకుని కుక్క తల వెనక గరిటెతో వాయించారు. లేవలేదు. ఎద్దు మెడగంట తెచ్చి చెవి పక్కన మోగించారు. లేవలేదు. అప్పుడు వంగి, బల్ల కాలు మీద పిడికిలితో ఒక్కటి గుద్దారు. బుల్లోడు చటుక్కున తలెత్తాడు. డాక్టరు గారు మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వెనక్కి కట్టుకునే చెయ్యి ముందుకు తెచ్చి, అరచెయ్యి చాచారు. ఒక్క ముక్క మాట్లాడలేదు. బుల్లోడు లేచి కూర్చున్నాడు.

"పుట్టు చెవుడు" అన్నారు ఆయన. "తెల్ల కుక్కల్లో ఉంటుందని కాలేజీలో ఎవరో అన్నారు. చెయ్యి చూసి నేర్చుకుంది. దీనికి ఇంగ్లీషూ లేదు, తెలుగూ లేదు. పడుకున్నప్పుడు ముట్టుకుంటే భయపడి కరిచింది. మెలకువగా ఉండి ఎవర్నైనా కరిచిందా? చెప్పండి బాబూ."

పాలేరు తన అరచెయ్యి ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. అతని ఇంగ్లీషు అంతా అందులో ఉందని అప్పుడు తెలిసింది.

ఇక్కడితో కుక్క బతికిపోయిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. మేనేజరు గారు లేచి, పంచె దులుపుకుని, డాక్టరు గారి దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"డాక్టరు గారూ, ఆ ముక్క రాయకండి."

"ఏ ముక్క?"

"చెవుడని. మూడేళ్లు ఇంగ్లీషు కుక్కని పెంచానని జిల్లా అంతా తెలుసు. కోరాపుట్ నుంచి వచ్చి చూసి వెళ్లారు. చెవిటి కుక్కకి ఇంగ్లీషు పాఠాలు చెప్పించానంటే రేపు బజార్లో ఎలా తిరగను? క్రూరమైనదని రాసెయ్యండి. కాల్చేస్తాను. గౌరవంగా పోతుంది."

డాక్టరు గారు తహసీల్దారు గారి వైపు చూశారు. చిత్రమేమిటంటే ఆయనకీ ఆ మాట నచ్చింది. క్రూరమృగం చేత కరిపించుకోవడం వేరు. నిద్రపోతున్న చెవిటి కుక్కని గిల్లి కరిపించుకుని, పైగా పొట్టలో సూదులు వేయించుకోవడం వేరు. "క్రూరం అంటే అందరికీ బాగుంటుంది" అన్నారు ఆయన కట్టు సవరించుకుంటూ. ఇద్దరు పెద్దమనుషుల పరువు ఒకవైపు, బుల్లోడు ఒకవైపు. తూకం ఎటు మొగ్గుతోందో కనపడుతూనే ఉంది.

"నేను చూసింది రాస్తాను. క్రూరం నేను చూడలేదు" అన్నారు డాక్టరు గారు. మామూలుగానే అన్నారు. తహసీల్దారుతో విరోధం పెట్టుకుంటే ఆ ఊళ్లో ఇల్లు అద్దెకి దొరకడం కూడా కష్టమని ఆయనకి తెలుసు. తెలిసీ కలం మూత తీశారు.

"నా కుక్క. నా ఇష్టం. మీ కాగితం లేకపోయినా కాలుస్తాను" అని మేనేజరు గారు తుపాకి సంచీ కోసం వెతుక్కున్నారు.

సంచీ అమ్మగారి చేతిలో ఉంది. ఎప్పుడు రిక్షా దిగి వచ్చారో ఎవరూ చూడలేదు.

"చెవిటిదైతే కాల్చాలా?" అంది ఆవిడ.

"నీకు తెలీదు. నువ్వు ఊరుకో. చెప్పినమాట వినని కుక్క..."

"ముప్పయ్యేళ్ల నుంచి ఆ ఇంట్లో నా మాట ఎవరికీ వినపడటం లేదు. నేను ఎవర్నైనా కాల్పించానా?"

ముందు తహసీల్దారు గారి మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే సూదులు పొడిచిన పొట్ట నొప్పి, నొప్పి పుడితే మూలుగు, ఆ మూలుగు వింటే మళ్లీ నవ్వు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లతో, "వొదిలెయ్యండి మేనేజరు బాబూ, వొదిలెయ్యండి, నేను చచ్చిపోతాను" అన్నారు. ఆ జిల్లాలో ఒక అధికారి ఇచ్చిన తీర్పుల్లో అంత మనస్ఫూర్తిగా ఇచ్చింది ఇంకొకటి ఉంటుందనుకోను.

అమ్మగారు బల్ల మీద అరచేత్తో తట్టి, చెయ్యి చాపింది. బుల్లోడు దిగి ఆవిడ వెంట రిక్షా ఎక్కాడు. పక్కన జాగా మిగల్చలేదు, మేనేజరు గారు నడిచి వెళ్లారు.

డాక్టరు గారు ఉన్నదున్నట్టు రాశారు. తహసీల్దారు గారు కింద ఒక షరతు చేర్చారు: ఆ ఇంటికి వచ్చినవాళ్లు వరండా ఎక్కగానే రెండు కాళ్లతో పలకల్ని గట్టిగా తాటించాలి. పలకలు అదిరితే కుక్క లేస్తుంది, లేచి చూస్తుంది, చూస్తే కరవదు. షరతు మొదట పాటించింది ఆయనే. పేకాట మానలేదు మరి. తర్వాత పాలవాడు, చాకలి, కాంట్రాక్టరు, ఊరి పెద్దలు, అందరూ మెట్టెక్కి దబ్ దబ్‌మని కాళ్లు తాటించి నిలబడటం అలవాటు చేసుకున్నారు. బుల్లోడు మళ్లీ ఎవర్నీ కరవలేదు. గార్డుకి సంగతి చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు, ఆయన చాలాకాలం వచ్చి పాఠాలు చెబుతూనే ఉన్నాడు. కాఫీ బాగుండేది.

తర్వాత నన్ను మునిగుడకి మార్చారు. కొన్నేళ్లకి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి గుణుపురం పోతూ, రాయగడలో దిగినప్పుడు ఆ ఇంటికి వెళ్లాను. మెట్టెక్కి, పాత అలవాటున రెండు కాళ్లూ తాటించాను.

"ఎవరయ్యా? రా, రా!" అని వరండా చివర్నించి మేనేజరు గారి గొంతు. వాలుకుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ముసలివారయ్యారు. నన్ను గుర్తుపట్టి, "కాంపౌండరువా! కూర్చో" అని, రైతు అర్జీ విన్నట్టు నా సంగతులన్నీ విన్నారు. బుల్లోడు కనపడలేదు. అడగబోతుంటే లోపల నుంచి అమ్మగారు వేలు చూపి పిలిచింది.

వంటింటి గుమ్మంలో మెల్లగా చెప్పింది. "వాడు పోయి ఏడాది దాటింది బాబూ. నిద్రలోనే పోయాడు. పాలేరు తోటలో పాతిపెట్టాడు."

"వీధిలో ఎవరికీ తెలీదేటండి?"

"చెప్పలేదు. మొదట నేను చెబుదామనుకున్నాను. ఈయన వద్దన్నారు." ఆవిడ వరండా వైపు ఒకసారి చూసింది. "ఎస్టేటు రోజుల్లో కచేరీ బంట్రోతులు ఈ పలకల మీదే కాళ్లు తాటించి దణ్ణం పెట్టేవారు. ఆ అదురు కుర్చీలోకి వచ్చేదట, ఇప్పుడు మళ్లీ వస్తోందట. నువ్వూ చెప్పకు."

నేను మళ్లీ వచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమేను గేటు తీసుకుని వచ్చాడు. మెట్టెక్కాడు. ఎవరో ముందే చెప్పి పంపారేమో, సైకిలు క్లిప్పులు ఉన్న రెండు కాళ్లూ ఎత్తి దబ్ దబ్‌మని తాటించి, చెప్పులు జతగా చేర్చి నిలబడ్డాడు. మేనేజరు గారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం ఊపారు.

ఉత్తరం పక్కింటివాళ్లది. వాళ్ల ఇల్లు ఎటో అడగడానికి వచ్చాడట.